గుడియాత్తం మేస్త్రి బాకీ

శ్రోతలకు నమస్కారం. అస్సలాము అలైకుం.

మాది చిత్తూరు. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, అంగడిలో సగం తమిళం. మా నాన్న ఇక్కడి బెల్లం మండీలో ముప్పై ఏళ్లకు పైగా గుమాస్తాగా పనిచేశారు. ఆయన పోయిన రోజు, జనాజా నమాజుకు, అంటే అంత్యక్రియల ప్రార్థనకు, వరుసలు తీరాక, ఇమాంగారు నావైపు చూసి తల ఊపారు. కొడుకుగా నేను చెప్పవలసినవి రెండే మాటలు. "మా నాన్న మీలో ఎవరికైనా బాకీ ఉంటే చెప్పండి, నేను తీరుస్తాను. ఎవరి మనసైనా నొప్పించి ఉంటే మాఫ్ చేయండి." ఉర్దూలో చెప్పాను. చెప్పాక చూస్తే గోడ పక్కన మండీ హమాలీలు, బెల్లం రైతులు చెప్పులు విప్పి నిలబడి ఉన్నారు. మళ్లీ తెలుగులో చెప్పాను. కాసేపు ఎవరూ నోరు విప్పలేదు. తరువాత టీ అంగడి ఆయన వెనక నుంచి, "నా పద్దుల్లో ఆయన పేరు మీద ఏమీ లేదు నాయనా" అన్నాడు.

పరలోకం గురించి ఇస్లాం ఏమంటుందో మాట్లాడమని ఈ రేడియో కేంద్రం వారు అడగగానే నాకు మొదట గుర్తుకు వచ్చింది ఆ మాటే. అగ్నిగుండాలూ సెలయేళ్లూ ఆ తరువాతే తట్టాయి.

ఇది పాత ఆనవాయితీ. మహమ్మద్ ప్రవక్త ముందుకు జనాజా తెచ్చినప్పుడు, "ఇతనికి అప్పు ఉందా? తీర్చడానికి ఏమైనా మిగిల్చాడా?" అని అడిగేవారు. ఒకసారి మూడు దీనార్ల అప్పు ఉందని, మిగిలినది ఏమీ లేదని తెలిసి, "మీ మిత్రుడికి మీరే నమాజు చేయండి" అన్నారు. అబూ ఖతాదా అనే సహచరుడు ఆ అప్పు తన మీద వేసుకున్నాకే నమాజు చేయించారు. తరువాత చేతికి డబ్బు అందిన రోజుల్లో, అలా పోయినవారి బాకీలు ఆయనే తీర్చారు. షహీద్‌కు అంటే ధర్మం కోసం ప్రాణమిచ్చినవాడికి సైతం అన్ని పాపాలూ క్షమిస్తారు, అప్పు ఒక్కటి తప్ప అని సహీహ్ ముస్లిం అనే సంకలనంలోని హదీసు, అంటే ప్రవక్త మాట. అప్పు సంగతి మన జిల్లాలో ఒకరు చెప్పనక్కరలేదు లెండి. పెళ్లికి చేసిన అప్పుకు ఇంకా వడ్డీ కడుతున్న దేవుణ్ణి వడ్డికాసులవాడని ముద్దుగా పిలుచుకునే ఇరుగుపొరుగు మధ్య పెరిగినవాణ్ణి.

ఇక అసలు ప్రయాణం. మనిషిని ఖబర్‌లో ఉంచి, తలా మూడు దోసిళ్ల మట్టి వేసి, జనం వెనుదిరుగుతారు. వెళ్లిపోతున్నవారి చెప్పుల చప్పుడు లోపలి మనిషికి వినబడుతుందని హదీసు. చిన్నప్పుడు ఈ మాట విన్నప్పటి నుంచి ఖబరస్తాన్‌లో నేను మెల్లగా నడుస్తాను. అప్పుడు ముంకర్, నకీర్ అనే దేవదూతలు వచ్చి అడుగుతారు: నీ ప్రభువు ఎవరు, నీ ధర్మం ఏమిటి, నీ ప్రవక్త ఎవరు? 1782 డిసెంబరులో హైదర్ అలీ మన చిత్తూరు దగ్గరి నరసింగరాయనిపేట విడిదిలో చనిపోతే, టిప్పు మలబారు నుంచి వచ్చేదాకా ఆ సంగతి సైన్యానికి తెలియకుండా దాచాలని చూశారు. "సైన్యానికి దాచారు సరే, ముంకర్ నకీర్‌లకు దాచగలరా?" అనేవారు నాన్న. అక్కడి నుంచి ఖియామత్, అంటే తీర్పు రోజు, దాకా ఉండే కాలం బర్జఖ్. ఆ రోజు అందరూ మళ్లీ లేస్తారు. కర్మల పుస్తకం కుడిచేతికి అందితే మేలు, ఎడమ చేతికి అందితే కీడు. తూకానికి త్రాసు, దాటడానికి వంతెన, ఆపైన జన్నత్ అనే స్వర్గం లేదా జహన్నం అనే నరకం.

ఆ పుస్తకం రాసే దేవదూతల మీద నాకు చిన్నప్పటి నుంచీ మక్కువ. కుడి భుజం మీద ఒకరు, ఎడమ భుజం మీద ఒకరు. నమాజు చివర కుడికీ ఎడమకీ తల తిప్పి సలాం చెప్పేటప్పుడు, ఈ ఇద్దరు గుమాస్తాలనూ మంచి చేసుకుంటున్నానని అనుకునేవాణ్ణి. వారి లెక్క విచిత్రం. మంచి పని తలపెట్టి చేయలేకపోతే ఒకటి జమ. చేస్తే పది మొదలు ఏడు వందల రెట్లు జమ. చెడు తలపెట్టి దేవుడికి వెరచి మానుకుంటే అదీ జమే. చేస్తే ఒక్కటే ఖర్చు. "ఇలా చిట్టా రాసే గుమాస్తాను ఏ షావుకారూ మర్నాటికి ఉంచుకోడు" అని నాన్న నవ్వేవారు.

తౌబా, అంటే పశ్చాత్తాపం, లేకుండా షిర్క్‌తో, అంటే దేవుడికి సాటి కల్పించడంతో, మరణించినవారికి క్షమ లేదని ఖురాన్ స్పష్టంగానే అంటుంది. దాన్ని దాచి మాట్లాడటం నాకు ఇష్టం లేదు. అయితే ఫలానా మనిషి ఎక్కడికి వెళ్తాడని పేరు పెట్టి చెప్పే కుర్చీ మనది కాదని మా దాదీ గట్టిగా అనేది. మిగతా పాపాలకు, "అల్లా కారుణ్యం పట్ల నిరాశ చెందకండి, ఆయన పాపాలన్నీ క్షమిస్తాడు" అని ఖురాన్‌లోని జుమర్ సూరా, అంటే అధ్యాయం, పిలుస్తుంది. తొంభై తొమ్మిది మందిని చంపినవాడి కథ అందుకే చెబుతారు. నాకు తౌబా ఉందా అని ఒక సన్యాసిని అడిగాడు. లేదన్నందుకు ఆయననూ చంపి నూరు చేశాడు. మరొక పండితుడు, "నీకూ తౌబాకూ మధ్య అడ్డెవరు? మంచివాళ్లుండే ఫలానా ఊరికి వెళ్లు" అన్నాడు. దారిలో చనిపోయాడు. దూతలు రెండు వైపులా దూరం కొలిచారు. మంచి ఊరికి జానెడు దగ్గరగా ఉన్నాడు. క్షమ దొరికింది.

మరి ఆ వంద మంది హక్కు ఏమైనట్టు? ఇమాంగారిని అడిగాను. నిజంగా పశ్చాత్తాపపడ్డవాడి తరఫున బాధితులను అల్లాయే తన ఖజానా నుంచి తృప్తిపరుస్తాడని కొందరు పండితులు అన్నారట. నాకు పూర్తిగా మింగుడుపడలేదు. ఎందుకంటే మామూలు నియమం వేరు. పాపం మానడం, బాధపడటం, మళ్లీ చేయనని నిశ్చయించుకోవడం, ఇంతవరకు దేవుడితో వ్యవహారం. సాటి మనిషి సొమ్మో పరువో తీసి ఉంటే అతని దగ్గరికే వెళ్లాలి. దీన్ని హక్కుల్ ఇబాద్, అంటే సాటి మనుషుల హక్కు, అంటారు. వెళ్లకపోతే? ఖియామత్ రోజున నమాజులు, ఉపవాసాలు, జకాత్ అనే విధి దానం అన్నీ మోసుకొచ్చినవాడు, ఒకణ్ణి తిట్టాడు, ఇంకొకడి సొమ్ము తిన్నాడు, మరొకణ్ణి కొట్టాడు. అక్కడ దీనారూ దిర్హమూ చెల్లవు కనుక అతని పుణ్యాలే వారికి పంచుతారు. అవి అయిపోతే వారి పాపాలు ఇతని నెత్తిన వేస్తారు. నా సముదాయంలో అసలు దివాలా తీసినవాడు అతడే అన్నారు ప్రవక్త.

నాన్న పోయిన నలభై రోజులకు ఆయన పెట్టెలో జేబు పుస్తకం దొరికింది. ప్రతి పద్దు పక్కనా 'చెల్లు' అని ఉంది, ఒక్కదానికి తప్ప. 'గుడియాత్తం మేస్త్రి, వంటింటి గచ్చు, 340.' 1986 నాటిది. పని ముగిసే దశలో ఇంటి నుంచి ఏదో కబురు వచ్చి మేస్త్రి వెళ్లిపోయాడని, కూలి తీసుకోవడానికి తిరిగి రాలేదని అమ్మ చెప్పింది. నాన్న రెండుసార్లు వెతికి వచ్చారట. నేనూ వెళ్లాను. వారసులు దొరకకపోతే అతని పేరు మీద దానం చేయమని, తరువాత ఎవరైనా వచ్చి అడిగితే మాత్రం ఇవ్వవలసిందేనని ఇమాంగారు చెప్పారు. దానం చేశాను. పుస్తకంలో 'చెల్లు' రాయడానికి మాత్రం చేయి రాలేదు.

ఆ మేస్త్రి పిల్లలు గాని, మనవలు గాని ఈ ప్రసంగం వింటూ ఉంటే ఈ కేంద్రానికి ఒక కార్డు రాయండి. పొయ్యి పక్కన పచ్చి గచ్చు మీద పడిన ఒక గుర్తును ఆయన చెరపకుండా నవ్వి వదిలేశారు. అదేమిటో మీ ఇంట్లో చెప్పుకునే ఉంటారు. అది రాస్తే చాలు, నేను పోల్చుకుంటాను.