బొగోటాలో పరాయివాళ్ళు ఎవరు? తోబుట్టువులను కలిపి దత్తత తీసుకోవడం

[తెర మీద: చిన్న అపార్ట్‌మెంట్ వంటిల్లు. పొయ్యి మీద కుక్కర్. ఒక విజిల్.]

ఈ విజిల్ మన ఊళ్ళోది కాదు. కొలంబియా రాజధాని బొగోటాలోది. అక్కడ కుక్కర్‌ని ‘ఓయా పితాదోరా’ అంటారు, అంటే ఈల వేసే గిన్నె. బొగోటా 2,640 మీటర్ల ఎత్తున ఉంది, మన ఊటీ కంటే ఎత్తు. నీళ్ళు 92 డిగ్రీలు కూడా దాటకుండానే మరిగిపోతాయి. కుక్కర్ లేకుండా గింజలు ఉడకబెట్టాలంటే చాలా ఓపిక కావాలి.

ఈ వంటింట్లో ఒక జంటను ఊహించుకోండి. ముగ్గురు తోబుట్టువుల్ని దత్తత తీసుకోవడానికి అమెరికా నుంచి వచ్చి నాలుగు రోజులైంది. రెండు అంతస్తులు ఎక్కితే ఆయాసం. మొన్నటిదాకా ఇంట్లో ఇద్దరే. ఇవాళ ఐదుగురు: పదకొండేళ్ళ అమ్మాయి, ఎనిమిదేళ్ళ తమ్ముడు, ఐదేళ్ళ చెల్లి వచ్చి చేరారు. కుక్కర్ ఎప్పుడు దించాలో ఆ పదకొండేళ్ళ పిల్లకే తెలుసు.

[తెర మీద: ఫ్లైట్, కోర్టు, పాస్‌పోర్ట్ బొమ్మలు]

దత్తతకు వెళ్ళినవాళ్ళు అక్కడ వారాల తరబడి ఎందుకు ఉండాలి? పిల్లల్ని తీసుకుని మర్నాడే ఫ్లైట్ ఎక్కడం కుదరదు కాబట్టి. ముందు ఐసీబీఎఫ్, అంటే అక్కడి కుటుంబ సంక్షేమ సంస్థ, పిల్లల్ని తల్లిదండ్రులకు పరిచయం చేస్తుంది. ఆ కలయికను ‘ఎన్‌క్వెంత్రో’ అంటారు. కొన్ని రోజులు కలిసి ఉన్నాక, వీళ్ళు కుదురుకుంటున్నారా అని సంస్థ వాళ్ళు చూస్తారు. సరే అంటే లాయర్ ఫ్యామిలీ కోర్టులో కేసు వేస్తాడు. తీర్పు, కొత్త జనన నమోదు, పాస్‌పోర్ట్, వీసా. మొత్తం కొన్ని వారాల పని. తీర్పు అందుకోవడానికి తల్లిదండ్రుల్లో కనీసం ఒకరు స్వయంగా కోర్టుకు రావాలని చట్టం. అందుకే చాలా ఇళ్ళలో సెలవు అయిపోయిన మనిషి వెనక్కి వెళ్తే, రెండో మనిషి ఒంటిచేత్తో ముగ్గుర్నీ చూసుకుంటారు. డిసెంబర్ 20 నుంచి జనవరి 10 దాకా కోర్టులకు సెలవులు. క్రిస్మస్‌కి పిల్లలతో ఉండొచ్చు కదా అని టికెట్లు కొనేయకండి.

మధ్యలో ఒక మాట. అమెరికాలో ఉన్న మనవాళ్ళకు ఈ దారి కావాలంటే దంపతుల్లో ఒకరైనా అమెరికా పౌరులై ఉండాలి. హెచ్‌1బీ సరిపోదు, గ్రీన్‌కార్డు కూడా సరిపోదు.

[తెర మీద: భోజనాల బల్ల. ఐదు కప్పులు.]

ఇప్పుడు అసలు సంగతి. దత్తత అనగానే ‘పిల్లలు కొత్త చోట ఎలా సర్దుకుంటారో’ అని మనకు టెన్షన్. కానీ ఈ వారాల్లో పరాయివాళ్ళు పిల్లలు కాదు, అమ్మానాన్నలు. బస్సు ఎక్కడ ఎక్కాలో పిల్లలకు తెలుసు. కొట్టువాడితో ఎలా మాట్లాడాలో తెలుసు. పెద్దవాళ్ళు స్పానిష్ యాప్‌లో నేర్చుకుని వచ్చి, దగ్గరితనం చూపిద్దామని పిల్లల్ని ‘తూ’ అంటారు, మన ‘నువ్వు’ లాగా. బొగోటాలోనేమో చాలా ఇళ్ళలో తల్లీబిడ్డలు కూడా ‘ఉస్తెద్’ అనే పిలుచుకుంటారు, మన ‘మీరు’ లాగా. అది దూరం పెట్టడం కాదు. ఇది తెలియక, ‘పిల్లాడు నన్ను మీరు అంటున్నాడు’ అని బాధపడే తల్లులుంటారు.

ఈ తికమకను దాచుకోకండి. పిల్లల్నే అడగండి. ‘ఇది ఎలా అనాలి? ఇది ఎలా తినాలి?’ అని. పొద్దున్నే అగ్వాపనేలా కాచమనండి. పేరు చూసి కంగారు పడకండి, పనేలా అంటే బెల్లమే. వేడి బెల్లం నీళ్ళలో చీజ్ ముక్క వేసుకుని తాగుతారు. నవ్వుకుంటే నవ్వుకోనివ్వండి. ఆదివారం పొద్దున ‘సిక్లోవీయా’కు వెళ్ళండి. 7 నుంచి మధ్యాహ్నం 2 దాకా వంద కిలోమీటర్లకు పైగా రోడ్ల మీద కార్లు ఆపేసి సైకిళ్ళకు వదిలేస్తారు. మీరు రొప్పుతుంటే వాళ్ళు ముందు దూసుకుపోతారు. పర్లేదు, మీకోసం ఆగుతారో లేదో కూడా అక్కడే తెలుస్తుంది.

[తెర మీద: పళ్ళెంలో మాంసం ముక్కలు కోస్తున్న చిన్న చేతులు]

ముగ్గురు వచ్చినప్పుడు కష్టం ముగ్గురితోనూ ఒకేలా ఉండదు. పెద్దపిల్లతో వేరే. అమ్మ లేని ఇంట్లో అక్కే అమ్మ. చెల్లికి ముక్కలు కోసి పెట్టడం, తమ్ముడు పడుకున్నాకే తను పడుకోవడం, రేపటికి ఉంటుందో లేదోనని రొట్టె దిండు కింద దాచడం. మీరు వచ్చి ‘ఇక నువ్వు హాయిగా ఆడుకో, మేం చూసుకుంటాం’ అంటే ఆ పిల్లకు వరంలా అనిపించదు, ఉద్యోగం పీకేసినట్టు ఉంటుంది. నా మాట ఇది: ఆ పని ఒక్కసారిగా లాక్కోకండి. ఈ వారం స్నానాలు మీరు, జడలు తను. తర్వాత జడలు కూడా ఇద్దరూ. ముగ్గుర్నీ మొదట ఒకే గదిలో పడుకోనివ్వండి. వేర్వేరు సంరక్షణ ఇళ్ళలో పెరిగి వచ్చిన తోబుట్టువులైతే ఇంకో చిక్కు: వాళ్ళకు మీరే కాదు, ఒకరికొకరు కూడా కొంత కొత్తే. గిల్లికజ్జాలు ఎక్కువ. రోజూ ఒక్కొక్కరిని విడిగా పావుగంట బయటికి తీసుకెళ్ళండి, పాలు కొనడానికైనా సరే.

పేర్ల సంగతి కూడా. కొలంబియాలో 2006 నాటి 1098వ చట్టం ప్రకారం ఇంటిపేరు మీది వస్తుంది. సొంత పేరు మార్చాలంటే మాత్రం బిడ్డకు మూడేళ్ళ లోపు ఉండాలి, లేదా బిడ్డ ఒప్పుకోవాలి, లేదా కారణం సరైనదని జడ్జికి అనిపించాలి. పదకొండేళ్ళ పిల్ల పేరు మీ నాయనమ్మ పేరు పెడతామన్న మొక్కు కోసం మార్చకండి.

[తెర మీద: సర్దుతున్న సూట్‌కేసులు]

విమానం దిగాక పాత్రలు తారుమారవుతాయి. దారి తెలియనివాళ్ళు, మాట రానివాళ్ళు ఇప్పుడు పిల్లలు. బొగోటాలో మీకు ఎవరు ఎలా నేర్పారో గుర్తుంటే అదే పద్ధతి. కుక్కర్ విజిల్ వాళ్ళకు తెలిసిన చప్పుడే, దాన్ని మొదటి రోజే పొయ్యి మీద పెట్టండి. పనేలా దిమ్మలు మోసుకు రానక్కర్లేదు, లాటిన్ కొట్లలో దొరుకుతాయి. దొరకని రోజు ఇండియన్ స్టోర్ బెల్లంతో కాచండి. ఇది అది కాదని పిల్లలు వెంటనే చెప్పేస్తారు.