ఆర్‌సీలో ఎవరి పేరుంది?

శ్రోతలకు నమస్కారం.

“బండి అమ్మేసి రెండేళ్లయింది సామీ, దాంతో నాకేం సంబంధం?” తిరుపతిలో సెకండ్‌హ్యాండ్ బండ్ల బేరాలు జరిగే చోట కాసేపు నిలబడితే ఈ మాట ఎవరో ఒకరి నోట వినపడుతుంది. ఈ పూట ఆ మాట సంగతే చూద్దాం.

ముందు చట్టం. మీ దగ్గర పనిచేసే డ్రైవరు మీ పని మీద బండి నడుపుతూ, అజాగ్రత్తగా ఎవరినైనా గుద్దితే పోలీసు కేసు మామూలుగా డ్రైవరు మీదే ఉంటుంది. నష్టపరిహారం మాత్రం డ్రైవరుతో పాటు ఓనరు మెడకూ చుట్టుకుంటుంది. దామలచెరువులో తోతాపురి లోడు ఎత్తుకుని లారీ చిత్తూరుకు పోతుంటే, దాని ఓనరు ఇంట్లో పడుకుని ఉన్నా సరే. దీనికి సర్కారు కూడా అతీతం కాదు. ఉదయపూర్ కలెక్టరు వాడే జీపును రిపేరు చేయించి వెనక్కి తెస్తూ డ్రైవరు దారిన పోయే మనిషిని గుద్దాడు, ఆయన చనిపోయాడు. రాజస్థాన్ ప్రభుత్వమే పరిహారం కట్టాలని 1962లో సుప్రీంకోర్టు తేల్చింది.

సరే, ఓనరు బాధ్యుడే. కానీ ఆ ఓనరు ఎవరు? ఇక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు.

2009 మే 27. ఉత్తరాదిలో ఒక వీధి. ఒకావిడ బంధువుల అబ్బాయితో కలిసి నడిచిపోతోంది. ఒక కారు రివర్సులో వచ్చి ఇద్దరినీ గుద్దింది. ఆవిడకు గాయాలయ్యాయి. అబ్బాయి మీద వెనక చక్రం ఎక్కింది, అక్కడికక్కడే ప్రాణం పోయింది. తల్లిదండ్రులు పరిహారం కోసం ట్రిబ్యునల్‌కు, అంటే ప్రమాదాల పరిహారం తేల్చే కోర్టుకు, వెళ్లారు.

ఆర్‌సీలో, అంటే బండి రిజిస్ట్రేషన్ కాగితంలో, పేరున్న మనిషిని పిలిచారు. నాది కాదన్నాడు, 2007లోనే అమ్మేశానన్నాడు. కొన్నవాడిని అడిగారు. నాది కాదన్నాడు, 2008లో ఇంకొకరికి ఇచ్చేశానన్నాడు. ఆ ఇంకొకరు కూడా నాది కాదన్నాడు, మరొకరికి అమ్మాడట. ఆ మరొకరిదీ అదే పాట, నాది కాదు! కారు మాత్రం ఎవరిదీ కాకుండానే వీధిలో తిరిగింది. ఇన్ని చేతులు మారినా ఆర్‌సీలో పేరు ఒక్కసారీ మారలేదు.

పిల్లవాడి తల్లిదండ్రులకు 3,75,000 రూపాయలు ఆర్‌సీలో పేరున్న మనిషీ, డ్రైవరూ ఇవ్వాలంది ట్రిబ్యునల్. హైకోర్టు దాన్ని తిప్పేసింది. మొదటి ఆయన అమ్మేశాడు కదా, చివరి కొనుగోలుదారే కట్టాలంది. సుప్రీంకోర్టు 2018 ఫిబ్రవరిలో మళ్లీ ట్రిబ్యునల్ మాటకే వచ్చింది. ఆర్‌సీలో ఎవరి పేరుంటే చట్టం దృష్టిలో వాళ్లే ఓనరు. చేతులు మారిన బండి వెంట పడి, ఒక్కొక్కరి గుమ్మం తొక్కే భారం బాధితుల మీద వేయకూడదంది.

అమ్మేసినవాడికి అన్యాయం కాదా అని మీకు అనిపించవచ్చు. నాకైతే తీర్పే సబబుగా ఉంది. కొడుకును పోగొట్టుకున్న తండ్రి అసలు ఓనరెవరో వెతుక్కుంటూ ఊళ్లు తిరగాలా? అమ్మినాయన ఆర్‌టీఓ ఆఫీసుకు ఓ పూట వెళ్లొస్తే సరిపోయేది కదా?

మరి మనం చేస్తున్నదేమిటి? బండి పేరు మార్పిడికి వాడే ఖాళీ ఫారం 29 మీద ఓ సంతకం, ఫారం 30 మీద ఓ సంతకం పెట్టి, తాళం చెవులతో పాటు బ్రోకరు చేతిలో పెట్టి వచ్చేస్తాం. ఆ కాగితాలు అతని డ్రాయరులో ఎన్ని నెలలుంటాయో ఎవరికెరుక! అమ్మిన సంగతి రాష్ట్రంలోపలైతే 14 రోజుల్లో అమ్మినవాళ్లే ఆర్‌టీఓకు తెలపాలి. కొన్నవాళ్లకు 30 రోజుల గడువు. మన చిత్తూరోళ్లకు ఇంకో చిక్కుంది. వేలూరు పార్టీకో కోలారు పార్టీకో అమ్మితే, అది వేరే రాష్ట్రం కాబట్టి ఎన్‌వోసీ, అంటే అభ్యంతరం లేదనే పత్రం, కూడా కావాలి. డబ్బు చేతిలో పడింది కదా అని దాన్ని గాలికి వదిలేయకండి.

బండి గుద్దిన అవతలివాళ్లకు పరిహారమిచ్చే థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ నడుస్తుంటే సాధారణంగా కంపెనీయే కడుతుంది. డ్రైవరుకు లైసెన్సు లేదని తేలితే, ముందు బాధితులకు కట్టి తర్వాత ఓనరు దగ్గర రాబట్టుకోమని కోర్టులు చెబుతుంటాయి. పాలసీ లేకపోతే ఓనరే కట్టుకోవాలి. కట్టకపోతే కలెక్టరు ద్వారా శిస్తు బకాయి లెక్కన వసూలు చేస్తారు.

అందుకని అమ్మిన బండి నెంబరు ఫోన్‌లో దాచుకోండి. నెల తిరిగాక రవాణా శాఖ వాళ్ల పరివాహన్ వెబ్‌సైటులో పేరు మారిందో లేదో చూసుకోండి. మారకపోతే బ్రోకరు వెంటపడండి. మారేదాకా మాత్రం ఆ బండి ఇన్సూరెన్స్ ఆగకూడదు. కొన్నాయన కట్టకపోతే తిట్టుకుంటూ అయినా సరే, మీరే కట్టేయండి.

సెలవు.