నీలం నోటీసు అంటించిన 28 రోజులు

అందరికీ నమస్కారం.

ఇంగ్లండ్‌లో ఏ బజారులో నడిచినా ఎప్పుడో ఒకప్పుడు ఒక షాపు అద్దం మీద లేత నీలం రంగు కాగితం కనిపిస్తుంది. చాలామంది చదవకుండానే వెళ్లిపోతారు. ఆ షాపులో మద్యం అమ్ముకోవడానికి లైసెన్స్ ఇమ్మని ఎవరో కౌన్సిల్‌ను, అంటే అక్కడి మున్సిపాలిటీ లాంటి స్థానిక సంస్థను, అడిగారన్నమాట. అభ్యంతరం ఉంటే చెప్పడానికి 28 రోజుల గడువు. నేను ఈరోజు ఆ 28 రోజుల గురించే మాట్లాడతాను. ఎందుకంటే అసలు నిర్ణయం చాలావరకు అప్పుడే జరిగిపోతుంది. పెద్ద కంపెనీలకు ఈ సంగతి బాగా తెలుసు, వాళ్లకు లాయర్లు ఉంటారు. తెలియనిది చిన్న షాపు పెట్టుకునేవాళ్లకు, ఆ షాపు పైన కాపురం ఉండేవాళ్లకు.

ఒకప్పుడు ఈ లైసెన్సులు మేజిస్ట్రేట్లు ఇచ్చేవారు. 2003లో కొత్త లైసెన్సింగ్ చట్టం చేశారు. 2005 నవంబర్ 24 నుంచి అది ఇంగ్లండ్, వేల్స్‌లో పూర్తిగా అమలైంది. అధికారం కౌన్సిళ్ల చేతికి వచ్చింది. మనం ఓటేసిన కౌన్సిలరే మన వీధి సంగతి తేలుస్తాడని జనం అనుకున్నారు. అది సగమే నిజం. కౌన్సిలర్లు చూడాల్సినవి నాలుగే విషయాలని చట్టం గిరిగీసింది: నేరాలు, అల్లర్లు జరగకుండా చూడటం, జనం భద్రత, చుట్టుపక్కలవాళ్లకు ఇబ్బంది లేకుండా చూడటం, పిల్లలకు హాని కలగకుండా చూడటం. "ఈ వీధిలో ఇప్పటికే నాలుగు షాపులున్నాయి, ఐదోది ఎందుకు" అనే మాట ఇక్కడ చెల్లదు. "నా బేరం పోతుంది" అన్నా చెల్లదు. తాగుడు మంచిదా చెడ్డదా అన్న చర్చకూ చోటు లేదు. స్కాట్లండ్ చట్టంలో ఐదో విషయం కూడా ఉంది, ప్రజల ఆరోగ్యాన్ని కాపాడటం. ఇంగ్లండ్‌లోనూ అది ఉండాలని నేను గట్టిగా నమ్ముతాను. ఆసుపత్రిలో రోజూ కనిపించే నష్టం లైసెన్స్ విచారణలో లెక్కకు రాకపోవడం నాకు న్యాయంగా అనిపించదు.

మౌనం అర్ధాంగీకారం అంటాం కదా. ఇక్కడ మౌనం పూర్తి అంగీకారమే. ఆ 28 రోజుల్లో పోలీసులు గానీ, అగ్నిమాపకశాఖ గానీ, ఇరుగుపొరుగు గానీ సరైన అభ్యంతరం పంపకపోతే కౌన్సిల్ లైసెన్స్ ఇచ్చి తీరాలి. కాదనే అధికారం దానికి లేదు. అభ్యంతరం వచ్చి, మాటలతో తేలకపోతేనే విచారణ. మామూలుగా ముగ్గురు కౌన్సిలర్లు కూర్చుని రెండు పక్షాలూ వింటారు. వాళ్ల నిర్ణయం నచ్చనివాళ్లు 21 రోజుల్లోపు మేజిస్ట్రేట్ కోర్టుకు వెళ్లొచ్చు.

విచారణలో కూర్చున్నప్పుడు ఏ మాటకు బరువుంటుంది? విరల్ ప్రాంతంలోని ఒక హోటల్ కేసు చూడండి. ఎక్కువసేపు తెరిచి ఉంచుకోవడానికి కౌన్సిల్ ఒప్పుకుంది. స్థానికులు మేజిస్ట్రేట్ కోర్టుకు వెళ్తే, వేరేచోట్ల మూసేశాక తాగినవాళ్లంతా ఇక్కడికి వస్తారేమోనన్న భయంతో కోర్టు ఆ వేళలు తగ్గించింది. అప్పటికే ఆ హోటల్ కొన్ని నెలలపాటు కొత్త వేళల్లో నడిచింది, గొడవలేమీ రాలేదు. 2008లో హైకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. ఊహ మీద ఆధారపడి షరతులు పెట్టకూడదు, సాక్ష్యం కావాలి అన్నది దాని సారాంశం.

కాబట్టి పైఅంతస్తులో ఉండేవాళ్లకు నేను చెప్పేది ఇదే. "గొడవగా ఉంటుందేమోనని టెన్షన్‌గా ఉంది" అని రాస్తే మీ బాధ నిజమైనా అది నిలబడదు. ఏ రోజు, ఎన్ని గంటలకు, ఏ శబ్దానికి మీ పాప నిద్రలేచిందో ఒక నోటుబుక్కులో రాసుకోండి. తాళం వేసిన షాపు గురించి కొత్తగా అడుగుతున్నారనుకోండి, అప్పుడు ఆ చోటు గురించి రాయండి: గోడ ఎంత పలచన, సామాను లారీ ఎక్కడ ఆగుతుంది, చెత్తడబ్బాలు ఎవరి కిటికీ కింద ఉన్నాయి. పూర్తిగా వద్దనడం కంటే "రాత్రి పది తర్వాత సీసాలు బయట పారబోయకూడదు" అని ఒక్క షరతు అడిగితే అది దొరికే అవకాశం ఎక్కువ.

ఇక షాపువాళ్లు. ఫీజు గురించి చాలామంది భయపడతారు. అది షాపు పన్ను విలువను బట్టి ఉంటుంది. అన్నిటికంటే చిన్న తరగతికి దరఖాస్తుకు 100 పౌండ్లు, తర్వాత ఏటా 70. దాని పై తరగతికి 190, ఏటా 180. అసలు ప్రమాదం ఫీజులో లేదు, దరఖాస్తులో ఒక పేజీ ఉంటుంది, అందులో ఉంది. నాలుగు విషయాలకూ మీరు ఏం జాగ్రత్తలు తీసుకుంటారో అక్కడ రాయమంటారు. మీరు రాసిన ప్రతి మాటా రేపు లైసెన్స్ మీద షరతుగా అచ్చవుతుంది.

నాకు తెలిసిన ఒకావిడ ఒంటరిగా చిన్న షాపు నడుపుతుంది. ఎవరిదో పెద్ద షాపు దరఖాస్తు చూసి దించేసింది. "రాత్రి ఎనిమిది తర్వాత ఎప్పుడూ ఇద్దరు పనివాళ్లు ఉంటారు" అని అందులో ఉంది. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు, లైసెన్స్ వచ్చింది. రెండేళ్ల తర్వాత ఒక రాత్రి ఎనిమిదిన్నరకు తనిఖీకి వచ్చారు. షాపులో ఆవిడ ఒక్కతే. పిల్లలకు అమ్మలేదు, తాగి వచ్చినవాళ్లకు అమ్మలేదు. అయినా షరతు తప్పినట్టే. చట్టప్రకారం అది నేరం, ఆరు నెలల దాకా జైలు, జరిమానాకు పైపరిమితి లేదు. హెచ్చరికతో బయటపడింది. మర్నాడు ఆ కాగితం పట్టుకుని నా దగ్గరికి వచ్చి, "ఈ మాట ఎవరు పెట్టారండీ?" అని అడిగింది. "మీరే పెట్టారమ్మా" అని చెప్పడానికి నాకు నోరు రాలేదు. చిన్న మార్పుల కోసం వేరే దరఖాస్తు ఉంటుంది, 89 పౌండ్లు. అది పెట్టి ఆ షరతు తీయించుకున్నాం. పక్కింటాయన కూడా అడ్డు చెప్పలేదు.

ఆవిడ పడిన టెన్షన్ మరొకరు పడకూడదని నేను ఇలా వచ్చి మాట్లాడుతున్నాను. మీ షాపుకు కెమెరాలు ఎన్ని కావాలో అన్నే రాయండి. పిల్లలా కనిపించేవాళ్ల దగ్గర వయసు రుజువు అడుగుతామని రాస్తే, నిజంగా అడగండి. కాగితం పంపకముందే పోలీసు లైసెన్సింగ్ ఆఫీసర్‌తో ఒకసారి మాట్లాడండి, పైఇంటి తలుపు తట్టండి. విచారణ దాకా వచ్చే తగాదాల్లో సగం అక్కడే ఆగిపోవడం నేను చూశాను.

మీలో ఎవరైనా ఇప్పుడు దరఖాస్తు రాస్తుంటే ఆ పేజీ తీసుకుని ముందుకు రండి. దాన్నే చదువుకుందాం.