ఊరికి పోలీసు, ఊరి నెత్తిన ఖర్చు

శ్రోతలకు నమస్కారం.

1814 సెప్టెంబరు నెల. ఐర్లండ్ దక్షిణాన టిప్పరరీ కౌంటీలో మిడిల్‌థర్డ్ అనే బారనీ ఉంది. బారనీ అంటే మన పాత తాలూకా లాంటిది అనుకోండి. అక్కడికి ఇరవైమంది సాయుధులు వచ్చి దిగారు. అంతా అశ్వికదళంలో సార్జెంట్లుగా చేసినవాళ్ళు. వాళ్ళకు పైఅధికారి రిచర్డ్ విల్‌కాక్స్ అనే చీఫ్ మేజిస్ట్రేటు. ఈ కొత్త దళానికి శాంతి పరిరక్షణ దళం అని పేరు పెట్టారు. వాళ్ళను పంపిన చట్టంలోనే ఒక షరతు ఉంది. దళం ఉన్నన్నాళ్ళూ దాని ఖర్చు ఆ బారనీ జనమే భరించాలి. అల్లర్లు ఆగితే దళం వెళ్ళిపోతుంది. దళం వెళ్ళిపోతే పన్ను తప్పుతుంది.

ఈ ఆలోచన రాబర్ట్ పీల్‌ది. అప్పటికి ఆయనకు ఇరవయ్యారేళ్ళు, ఐర్లండ్ పాలనలో చీఫ్ సెక్రటరీ. 1829లో లండన్ మెట్రోపాలిటన్ పోలీసును నెలకొల్పింది కూడా ఆయనే. లండన్ కన్నా పదిహేనేళ్ళ ముందే టిప్పరరీ పల్లెల్లో ఆ ప్రయోగం మొదలైంది. ఈ పోలీసులను జనం పీలర్లు అని పిలిచారు.

పీల్ లెక్క పైకి సబబుగానే కనిపిస్తుంది. జేబుకు చిల్లు పడితే ఊరి పెద్దలే కుర్రాళ్ళను అదుపులో పెడతారని ఆయన అనుకున్నారు. ఆ లెక్క ఎందుకు తప్పిందో తెలియాలంటే, ముందు ఆ ఊళ్ళలో గొడవ దేని గురించో తెలియాలి.

1821 జనాభా లెక్కల్లో ఐర్లండ్ జనం 68 లక్షలు. ఇరవై ఏళ్ళకు 81 లక్షలు దాటారు. భూమి మాత్రం పెరగలేదు. పేదకూలీకి సొంత కౌలు అనేది ఉండదు. అతనికి దొరికేది కొనేకర్ అనే ఏర్పాటు. అంటే, ఒక రైతు తన పొలంలో పావు ఎకరమో అర ఎకరమో ఒక్క పంటకాలానికి ఇస్తాడు. అందులో బంగాళాదుంప వేసుకోవాలి, పంట తవ్వుకుని నేల వదిలేయాలి. కౌలుదారుడి హక్కు ఏదీ రాదు. చాలాచోట్ల అద్దె డబ్బుగా కాక కూలిపని రోజులుగా చెల్లించేవాళ్ళు. దుంప కుళ్ళిపోయినా బాకీ బాకీయే. 1815లో నెపోలియన్ యుద్ధాలు ముగిసి ధాన్యం ధర పడిపోయింది. శిస్తులేమో యుద్ధకాలపు ధరల మీద కట్టినవి, అలాగే ఉండిపోయాయి. ధాన్యం గిట్టక భూస్వాములు పొలాలను పశువుల మేతకు మళ్ళించారు. మేతబీడులో కూలీకి పనీ ఉండదు, దుంపల మడీ ఉండదు.

దానికి తోడు దశమభాగం. పంటలో పదోవంతు చర్చికి చెల్లించాలి. ఏ చర్చి అన్నదే అసలు సమస్య. 1834 లెక్క ప్రకారం జనంలో నూటికి ఎనభైమంది కాథలిక్కులు. దశమభాగం వెళ్ళేది ప్రభుత్వ చర్చి అయిన ప్రొటెస్టంట్ల ఆంగ్లికన్ చర్చికి. ఆ చర్చివాళ్ళు నూటికి పదకొండుమంది కూడా లేరు. తమ సొంత పాద్రీని తాము పోషించుకుంటూ, గుమ్మం తొక్కని చర్చికి పదోవంతు కట్టాలి. పైగా 1735 నుంచీ మేతబీడులకు దశమభాగం మినహాయింపు ఉండేది. వందల పశువులున్న ఆసామికి మినహాయింపు, దక్షిణాన ఉన్న మన్‌స్టర్ ప్రాంతంలో అర ఎకరం దుంప వేసిన కూలీకి పన్ను. కోతకు ముందు ప్రాక్టర్ అనే మనిషి చేలోకి వచ్చి, పంటకు కంటి అంచనాతో వెల కట్టేవాడు. అప్పటికి డబ్బు లేకపోతే నోటు రాయించుకునేవాడు. నోటుకు గడువు దాటితే కోర్టు సమన్లు, ఆ తర్వాత జప్తు. ప్రతి మెట్టు దగ్గరా ఖర్చులు బాకీకి కలిసేవి.

ఇలాంటి చోట రహస్య సంఘాలు పుట్టాయి. 1761లో తెల్లచొక్కాలు తొడుక్కుని తిరిగిన వైట్‌బాయ్స్‌తో ఈ వరస మొదలైంది. 1806లో పశ్చిమాన త్రెషర్స్. దాదాపు అదే కాలంలో టిప్పరరీ వైపు కారవాట్లు, షానవెస్ట్‌లు అని రెండు పక్షాలు. ఈ రెండింటినీ ఊరి ముఠాకక్షలని కొట్టిపారేసేవాళ్ళున్నారు. నా ఉద్దేశంలో అది పొరపాటు. కారవాట్ల వైపు ఎక్కువగా కూలీలు, షానవెస్ట్‌ల వైపు కాస్త స్థితిపరులైన రైతులు. ఇద్దరూ కాథలిక్కులే. పేదవాడికి ఎదురుగా ఉన్నది ఇంగ్లీషు దొర ఒక్కడే కాదు, పక్కపొలం ఆసామి కూడా. 1821లో లిమరిక్ కౌంటీలో కోర్టినీ ఎస్టేటు ఏజెంటు శిస్తుల మీద కఠినంగా పోయాడు. ఆయన కొడుకును కాల్చి చంపారు. అక్కణ్ణుంచి కెప్టెన్ రాక్ అనే పేరు మీద అలజడి మన్‌స్టర్ అంతా పాకింది. కెప్టెన్ రాక్ అనే మనిషి ఎవరూ లేరు. ఎవరు ఉత్తరం రాసినా కింద ఆ సంతకం పెట్టేవాళ్ళు.

వాళ్ళ పద్ధతి ఇలా ఉండేది. ముందు ఒక నోటీసు. చర్చి తలుపుకో, సదరు మనిషి గుమ్మానికో అంటించేవాళ్ళు. ఫలానావాణ్ణి ఖాళీ చేయించి నువ్వు తీసుకున్న పొలం వదిలెయ్యి, ఎకరానికి ఇంతకన్నా అద్దె అడగొద్దు అని రాసి, అడుగున శవపేటిక బొమ్మ గీసేవాళ్ళు. మాట వినకపోతే రాత్రి ఇంటికొచ్చేవాళ్ళు. ముఖాలకు మసి, ఒంటి మీద ఆడవాళ్ళ గౌన్లు. తలుపు కొట్టి, మోకాళ్ళ మీద కూర్చోబెట్టి ప్రమాణం చేయించేవాళ్ళు. అప్పటికీ వినకపోతే పశువుల కాలి నరాలు కోసేసేవాళ్ళు, గడ్డివాములు తగలబెట్టేవాళ్ళు. ఉన్ని ఏకడానికి వాడే ఇనపపళ్ళ బల్లను మనిషి వీపు మీద అదిమి లాగేవాళ్ళు. దీనికి కార్డింగ్ అని పేరు. అన్నింటికీ చివర హత్య. తుపాకుల కోసం పెద్దిళ్ళ మీద పడటం మామూలు. క్లేర్ కౌంటీలో 1831 ప్రాంతంలో టెర్రీ ఆల్ట్‌లు అనే మరో రహస్య సంఘంవాళ్ళు వందలమందిగా పారలు పట్టుకుని మేతబీడులను తిరగదవ్వారు. గడ్డి పోతే ఆ నేల మేతకు పనికిరాదు. ఇక దుంపసాగుకు ఇవ్వక తప్పదు. ఏం కావాలో పారతోనే చెప్పారన్నమాట.

దీన్ని వీరగాథగా చెప్పడం నాకిష్టం లేదు. 1816 అక్టోబరు ఆఖర్లో లౌత్ కౌంటీలో వైల్డ్‌గూస్ లాడ్జ్ అనే ఇంటికి నిప్పు పెట్టారు. ఎనిమిదిమంది సజీవంగా కాలిపోయారు, అందులో పసిబిడ్డ ఉంది. ఇంటి యజమాని ఎడ్వర్డ్ లించ్. ఆయన కూడా కాథలిక్కే. తన ఇంటి మీద తుపాకుల కోసం దాడి చేసినవాళ్ళ మీద కోర్టులో సాక్ష్యం చెప్పాడు. అదే ఆయన నేరం. తర్వాత పద్దెనిమిదిమందిని ఉరితీశారు. ఇందులో చాలావరకు ఆధారం, తమ ప్రాణం దక్కించుకోవడానికి అప్రూవర్లుగా మారినవాళ్ళ మాటే.

పోలీసు పనికి పెద్ద అడ్డంకి ఇక్కడే ఉంది. సాక్ష్యం చెప్పినవాడు ఊళ్ళో బతకలేడు. నోరు విప్పనివాణ్ణి చట్టం ఏమీ చేయలేదు. పీల్‌కు ముందు ఊళ్ళో ఉన్నదల్లా బారనీ కానిస్టేబుళ్ళు, వేరే పనులు చేసుకుంటూ మధ్యలో లాఠీ పట్టేవాళ్ళు. అంతకు మించితే సైన్యాన్ని పిలవాలి. అందుకే 1814లో పోలీసు చట్టంతోపాటు తిరుగుబాటు నిరోధక చట్టాన్నీ మళ్ళీ తెచ్చారు. ప్రకటించిన ప్రాంతంలో పొద్దుగూకిన దగ్గర్నుంచి తెల్లారేదాకా ఎవరూ ఇల్లు కదలకూడదు. కదిలి పట్టుబడితే జూరీ లేని విచారణ, ఏడేళ్ళ ద్వీపాంతరం. ఆస్ట్రేలియాకు ఓడ ఎక్కించేవాళ్ళు.

ఇప్పుడు పీల్ లెక్క దగ్గరికి వద్దాం. ఖర్చును కౌంటీ పన్నుగా వేశారు. ఆ పన్ను కట్టేది భూమి యజమాని కాదు, భూమి చేసుకునే కౌలుదారు. అంటే శిస్తు పెరిగి, దశమభాగం కట్టలేక, ముఠాల మధ్య నలిగేవాడే పోలీసు జీతం కూడా కట్టాలి. మూలిగే నక్క మీద తాటికాయ పడ్డట్టు. రాత్రి అల్లరి చేసే కూలీకి పన్ను కట్టేంత ఆస్తే లేదు, అతనికి భయమేముంటుంది? ఇటు మేజిస్ట్రేట్లేమో దళం కావాలని అడగడానికే వెనకాడారు. అడిగితే తమ కౌలుదార్ల మీద భారం పడుతుంది, చివరికి తమ శిస్తే తగ్గుతుంది. ప్రభుత్వానికి ఇది త్వరలోనే అర్థమైంది. 1817లో చట్టం సవరించి, ఖర్చులో మూడింట రెండువంతుల దాకా ఖజానా నుంచి ఇవ్వొచ్చన్నారు. అప్పట్నుంచి కౌంటీలు ఒకదాని వెనక ఒకటి దళాన్ని అడిగాయి. ఊరు దారికి రావడానికని పెట్టిన ఖర్చు, సాయం అడగాల్సినవాళ్ళనే ఆపింది.

1822లో ఇంకో చట్టం వచ్చింది. గొడవ ఉన్నా లేకున్నా ప్రతి కౌంటీకీ పోలీసు ఉండాలన్నారు. బారనీకి పదహారుమంది కానిస్టేబుళ్ళు, వాళ్ళ మీద ఒక చీఫ్ కానిస్టేబులు, నాలుగు ప్రాంతాలకు నలుగురు ఇన్‌స్పెక్టర్ జనరళ్ళు. కానిస్టేబుళ్ళను నియమించే అధికారం మాత్రం స్థానిక మేజిస్ట్రేట్ల చేతిలోనే ఉంచారు. ఆ మేజిస్ట్రేట్లే భూస్వాములు, కొందరు మతగురువులు. దీని ఫలితం 1834 డిసెంబరులో కార్క్ కౌంటీ రాత్‌కార్మక్ దగ్గర తెలిసింది. రయన్ అనే వితంతువు కట్టాల్సిన దశమభాగం బాకీ నలభై షిల్లింగులు, అంటే రెండు పౌండ్లు. దానికోసం సైన్యం, పోలీసు కలిసి ఆమె కల్లం దగ్గరికి వెళ్ళారు. వెంట వెళ్ళిన ఆర్చ్‌డీకన్ రైడర్, బాకీ రావాల్సిన మతగురువూ ఆయనే, మేజిస్ట్రేటూ ఆయనే. కాల్పుల్లో పన్నెండుమందికి తగ్గకుండా చనిపోయారు.

ఈ దశమభాగం పోరు 1830లో కిల్‌కెన్నీ కౌంటీ గ్రేగ్‌నమనా ఊళ్ళో రాజుకుంది. 1823లో వచ్చిన ఒక చట్టం మేతబీడులను కూడా దశమభాగం కిందికి తెచ్చింది. న్యాయంగా చూస్తే అది మంచి సవరణే. అయితే అప్పటిదాకా పక్కన నిలబడ్డ పెద్ద ఆసాములు కూడా దానితో పేదరైతుల పక్షాన చేరారు. పోరాటపు తీరు మారిపోయింది. జప్తు పగటిపూట మాత్రమే చేయాలి, తాళం వేసిన దొడ్లో ఉన్న పశువును తోలుకెళ్ళకూడదు అని చట్టం. అందుకని రైతులు పగలు పశువులను లోపలపెట్టి తాళం వేసి, చీకటి పడ్డాక మేతకు వదిలారు. పోలీసు వస్తుంటే కొండ మీద నుంచి కొమ్ముబూర ఊదేవాళ్ళు, చర్చి గంట కొట్టేవాళ్ళు. ఎలాగో నాలుగు ఆవులు దొరికి బందెలదొడ్డికి తోలినా, వేలంలో పాడేవాడు ఉండడు. జప్తు పశువు ఒంటి మీద దశమభాగం అని వాత వేసేవాళ్ళు, ఎక్కడికి తోలుకెళ్ళినా కొనేవాడు లేకుండా. గ్రేగ్‌నమనాలో పోలీసు, సైన్యం రెండు నెలలు తిరిగి వసూలు చేసింది మూడోవంతు బాకీ.

1831 డిసెంబరు 14. అదే కౌంటీలో కారిక్‌షాక్. ఎడ్మండ్ బట్లర్ అనే సమన్ల బంట్రోతు నాక్‌టాఫర్ మతగురువు తరపున సమన్లు అందించడానికి బయల్దేరాడు. కాపలాగా దాదాపు నలభైమంది పోలీసులు, వాళ్ళ ముందు చీఫ్ కానిస్టేబులు జేమ్స్ గిబ్బన్స్. బూరలు ఊదారు, గంటలు మోగాయి, వేలమంది పోగయ్యారు. బట్లర్‌ను తమకు అప్పగించమన్నారు, గిబ్బన్స్ ఒప్పుకోలేదు. దళం ఒక సందులోకి మళ్ళింది. రెండు పక్కలా రాతిగోడలు, గోడల అవతల మెరకలో జనం, ముందూ వెనకా జనం. ఇరుకైన దారి అది. ఒకతను బట్లర్‌ను పట్టి లాగబోయాడు, ఒక రాయి వచ్చి తగిలింది, కాల్పులు మొదలయ్యాయి. పోలీసుల చేతుల్లో ఉన్నవి గొట్టం మూతిలోంచి మందు కూరి పేల్చే కార్బైన్‌లు. ఒక్కసారి పేలిస్తే మళ్ళీ మందు, గుండు కూరుకోవడానికి అర నిమిషం కావాలి, చేతులు ఆడటానికి చోటు కావాలి. ఆ సందులో రెండూ లేవు. తుపాకి కొసన బిగించే బాయొనెట్ కన్నా కొడవలి కట్టిన కర్ర, గడ్డి ఎత్తే పంగలకర్ర పొడుగు. కొద్ది నిమిషాల్లో గిబ్బన్స్, బట్లర్, వాళ్ళతోపాటు పోలీసుల్లో మూడోవంతు చనిపోయారు. ఊరివాళ్ళు ముగ్గురు పోయారు. తర్వాతి ఏడాది విచారణలో కాథలిక్కుల నాయకుడు, లాయరు డేనియల్ ఓ కానెల్ ముద్దాయిల తరపున నిలబడ్డారు. ఎవరికీ శిక్ష పడలేదు.

ఆ పోలీసుల్లో ఎక్కువమంది పేదకుటుంబాల బిడ్డలే. వాళ్ళను అక్కడికి పంపింది దొంగను పట్టుకోవడానికి కాదు, ఒక చర్చి బాకీ కాగితం అందించడానికి. ఆ చావులకు బాధ్యత ఆ పని పెట్టినవాళ్ళ మీదే ఎక్కువ ఉందని నేను నమ్ముతాను. వసూలుకు పెట్టిన ఖర్చు వసూలైనదాన్ని మించిపోయింది. 1833లో పార్లమెంటు మతగురువుల నష్టం కింద పది లక్షల పౌండ్లు ఇవ్వాల్సి వచ్చింది.

1835లో అండర్ సెక్రటరీగా వచ్చిన థామస్ డ్రమండ్ ఈ ముడి విప్పడానికి పూనుకున్నారు. దశమభాగం వసూలుకు పోలీసును పంపేది లేదన్నారు. 1836 చట్టంతో 1814 నాటి దళాన్నీ 1822 నాటి కౌంటీ పోలీసునూ కలిపి ఐరిష్ కాన్‌స్టాబులరీ చేశారు. నియామకాలు మేజిస్ట్రేట్ల చేతిలోంచి తీసి, డబ్లిన్‌లో ఒక్క ఇన్‌స్పెక్టర్ జనరల్ కింద పెట్టారు. సొంత కౌంటీలో పోస్టింగు లేదు, భార్య పుట్టింటివాళ్ళున్న కౌంటీలోనూ లేదు. ఓటు లేదు. కాథలిక్కులను చేర్చుకోవడం పెరిగింది. 1838లో దశమభాగాన్ని పాతికవంతు తగ్గించి భూస్వామి మీద వేశారు. ఆయన దాన్ని శిస్తులో కలుపుకున్నాడు, నిజమే. కానీ ప్రాక్టర్ మళ్ళీ చేలోకి రాలేదు. సగం కౌంటీలు, సగం ఖజానా భరిస్తున్న పోలీసు మామూలు ఖర్చు 1846లో పూర్తిగా ఖజానాకే మారింది.

బ్యారక్‌లలో ఉంటూ తుపాకి పట్టి, రాజధాని ఆజ్ఞకు నడిచే ఈ నమూనాను 1843లో చార్లెస్ నేపియర్ అనే బ్రిటిష్ సేనాని సింధుకు తెచ్చాడు. మన కోస్తా, రాయలసీమ జిల్లాలున్న మద్రాసు ప్రెసిడెన్సీకి 1859 చట్టంతో కొత్త పోలీసు వచ్చింది. 1861 పోలీసు చట్టం బ్రిటిష్ ఇండియాలో చాలా ప్రాంతాలకు అదే ఒరవడి పెట్టింది. ఆ చట్టంలో పదిహేనో సెక్షన్ ఒకటి ఉంది. అల్లర్లున్న ప్రాంతమని సర్కారు ప్రకటించి అక్కడ అదనపు పోలీసును దించవచ్చు, ఆ ఖర్చును అక్కడి జనం దగ్గరే వసూలు చేయవచ్చు. మిడిల్‌థర్డ్ బారనీ మీద పెట్టిన షరతు నలభైయేడేళ్ళకు మన దేశపు ఊళ్ళ మీద చట్టమై కూర్చుంది.

నమస్కారం.