దాడి చేసినవాడే రిజిస్టర్లో సంతకం పెట్టిన ఠాణా: చింతపల్లి కథ

(తెర మీద: చీకటి. కాగితం మీద కలం గీరుకుంటున్న చప్పుడు. మెల్లగా ఒక పాత పుస్తకం పుట వెలుగులోకి వస్తుంది.)

తుపాకులు 11. తూటాలు 1390. బాయొనెట్లు 14. కత్తులు 5.

1922 ఆగస్టు 22న విశాఖ మన్యంలోని చింతపల్లి పోలీస్ స్టేషన్ నుంచి బయటికి పోయిన సామాను ఇది. పట్టుకెళ్లినవాళ్లే లెక్క రాసిపెట్టి వెళ్లారు. ఆ స్టేషన్ పుస్తకంలోనే రాశారు. కింద వాళ్ల నాయకుడు సంతకం పెట్టాడు. ఆయన పేరు అల్లూరి సీతారామరాజు.

ఇది మనందరం చిన్నప్పుడు చదువుకున్నదే. చదివి, గర్వపడి, తర్వాతి పాఠానికి వెళ్లిపోయాం. నేను మాత్రం ఆ పుస్తకం దగ్గరే ఆగిపోయాను. ఎందుకంటే అదే రోజు, అదే గదిలో, మిగతా రికార్డులను చింపి పారేశారు. అన్ని కాగితాలు చింపినవాళ్లు ఈ ఒక్క లెక్క ఎందుకు రాసినట్టు?

దీనికి జవాబు కావాలంటే ముందు ఆ కొండల్లోకి ఠాణా ఎలా వచ్చిందో చూడాలి.

(తెర మీద: మద్రాసు ప్రెసిడెన్సీ పటం. తీరం వెంట ఉన్న తెలుగు జిల్లాలు ఒక్కొక్కటిగా వెలుగుతాయి.)

1850ల దాకా మద్రాసు ప్రెసిడెన్సీలో మనకు ఇప్పుడు తెలిసిన పోలీసు శాఖ లేదు. శిస్తు వసూలు చేసేదీ, దొంగను పట్టించేదీ ఒక్క తహసీల్దారే. ఆయన కింది బంట్రోతులే పోలీసులు. పంట పోయి శిస్తు కట్టలేని రైతు, దొంగతనం చేశాడని అనుమానం పడ్డ మనిషి, ఇద్దరూ ఒకే గుమ్మం ముందు నిలబడేవాళ్లు. అక్కడ ఏం జరిగేదో చిత్రహింసల మీద వేసిన కమిషన్ 1855లో రాసిపెట్టింది. మెడకు తాడు వేసి కాలి బొటనవేళ్లకు కట్టి, మనిషిని వంగోబెట్టి ఎండలో ఉంచేవాళ్లు. రెండు కర్రల మధ్య వేళ్లు పెట్టి నొక్కేవాళ్లు. దాని పేరు కిట్టి. ఇదంతా నేరం చేశారని అనుమానం పడ్డవాళ్ల మీదే కాదు, శిస్తు బకాయి పడ్డ రైతుల మీద కూడా.

ఆ నివేదిక లండన్ దాకా వెళ్లి గొడవైంది. దాంతో 1859లో మద్రాసు పోలీసు చట్టం వచ్చింది. పోలీసును రెవెన్యూ నుంచి విడదీశారు. కొత్త శాఖకు మొదటి అధిపతి విలియం రాబిన్సన్. జిల్లాకో సూపరింటెండెంటు, కింద ఇన్‌స్పెక్టర్లు, ఊళ్లలో హెడ్ కానిస్టేబుల్ నడిపే ఠాణాలు. దేశమంతటికీ పోలీసు చట్టం వచ్చింది 1861లో. అంటే మన వైపు రెండేళ్లు ముందే మొదలైంది.

మైదానంలో ఇది ఒక మార్పు. కొండ మీద సంగతి వేరు.

మన్యంలో ముఠాదార్లు ఉండేవాళ్లు. కొన్ని ఊళ్లు కలిపి ఒక ముఠా. ఆ ముఠాలో పన్ను, తగవు, కాపలా అన్నీ ముఠాదారు చూసుకునేవాడు. మంచివాడో చెడ్డవాడో, ఆ కొండ మనిషే, ఆ మాట తెలిసినవాడే. ఆ మనిషి పక్కకు కింద నుంచి వచ్చిన కానిస్టేబుల్‌ను తెచ్చి పెట్టారు. అతనికి కొండమాట రాదు. మన్యం జ్వరమంటే భయం. ఇక్కడికి బదిలీ అయితే శిక్ష పడ్డట్టే అనుకునేవాడు. జీతం తక్కువ. కోడి, మేక, బియ్యం, మోతకు మనిషి, అన్నీ ఊరి మీదే.

(తెర మీద: జీలుగు చెట్టు. మొవ్వ నుంచి కుండలోకి కల్లు చుక్కలు.)

1879లో రంప కొండల్లో జరిగిన తిరుగుబాటుకు కారణాలు చెప్పేటప్పుడు కల్లు మీద పన్ను గురించి అందరూ చెబుతారు. అది నిజమే. కొండవాళ్లు తమ తిండి కోసం గీసుకునే కల్లు మీద పన్ను వేశారు. దాన్ని చిగురుపన్ను అన్నారు. కానీ అప్పటి ప్రభుత్వ విచారణలోనే మరో రెండు కారణాలు కూడా తేలాయి. ఒకటి, కానిస్టేబుళ్ల దోపిడీ. రెండు, కాగితం. కింది నుంచి వచ్చిన షావుకారు అప్పు పత్రం రాయించుకునేవాడు. గుర్తు పెట్టినవాడికి అందులో ఏముందో తెలియదు. ఎక్కడో దూరాన కోర్టులో డిక్రీ వచ్చేది, అతను అక్కడికి వెళ్లే ప్రశ్నే లేదు. ఆ డిక్రీ పట్టుకుని వచ్చి పశువులను తోలుకుపోయేవాళ్లు. పక్కన పోలీసు ఉండేవాడు.

ఇది కాస్త ఊహించుకోండి. మీకు చదవడం రాదు. ఒకడు వచ్చి ఒక కాగితం చూపించి, ఇందులో ఉంది అని మీ ఎడ్లను విప్పుకుపోతున్నాడు. మీకు ఆ కాగితమే ప్రభుత్వం. దాన్ని దాచిపెట్టే ఇల్లు ఠాణా.

1879 మార్చిలో జనం లేచినప్పుడు మొదట చోడవరం ఠాణాను చుట్టుముట్టారు. ఇప్పటి రంపచోడవరం అన్నమాట. తర్వాత అడ్డతీగల ఠాణాను తిరుగుబాటు నాయకుల్లో ఒకడైన చంద్రయ్య తగలబెట్టాడు. కొందరు కానిస్టేబుళ్లు ప్రాణాలు పోగొట్టుకున్నారు. వాళ్లూ పేదింటి బిడ్డలే, ఆ మాట కూడా చెప్పాలి. 1880లో చంద్రయ్య చనిపోయాక గానీ సైన్యానికి ఊపిరాడలేదు. 1886లో ఇంకో దళం చింతపల్లి దగ్గర్లోని గూడెం ఠాణా మీద పడింది. ఆయుధాలు పట్టుకుపోయి, దాన్నీ తగలబెట్టింది.

సీతారామరాజు అప్పటికి పుట్టనేలేదు. 1922లో ఠాణాల మీద పడడం కొత్తగా పుట్టిన ఆలోచన కాదని చెప్పడానికే ఇదంతా. మన్యం మనిషికి సర్కారు మీద కోపం వస్తే ఎటు నడవాలో వాళ్ల తాతల నాటి నుంచీ తెలుసు.

(తెర మీద: ఖాకీ బట్టల్లో వరుసగా నిలబడ్డ పోలీసులు, పాత ఛాయాచిత్రం తరహా బొమ్మ.)

1902లో ఆండ్రూ ఫ్రేజర్ అధ్యక్షతన పోలీసు కమిషన్ వేశారు. పోలీసులకు శిక్షణ లేదని, పైనుంచి పర్యవేక్షణ లేదని, అవినీతిపరులని, పీడించేవాళ్లని జనం అనుకుంటున్నారని బ్రిటిష్ ప్రభుత్వం వేసిన కమిషనే తేల్చింది. ఇవాళ మనం ఎస్సై అని పిలిచే అధికారిని స్టేషన్‌కు పెద్దగా పెట్టాలన్న సిఫార్సు అందులోదే. చదువుకున్న ఎస్సై వస్తే స్టేషన్ మారుతుందన్నది ఆశ.

కానీ ఆ గూడెం కొండల్లో ఆశ పనిచేయలేదు. పోడు కొట్టుకుంటే అటవీ చట్టం కింద జరిమానా. అది చాలదన్నట్టు నర్సీపట్నం నుంచి కొండ మీదికి రోడ్డు పని. డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ ఆ పని చేయించాడు. కూలి సరిగా ఇవ్వకుండా, బెదిరించి. పోలీసును రెవెన్యూ నుంచి విడదీయాలని 1859లో చట్టం చేశారు కదా. అరవై ఏళ్ల తర్వాత కూడా కొండ మీద తహసీల్దారు మాటకు ఎదురులేదు. గాం గంటం దొర, గాం మల్లు దొర ఆ బాస్టియన్ వల్ల దెబ్బతిన్నవాళ్లే. ఆ అన్నదమ్ములు సీతారామరాజు పక్కన నిలబడ్డారంటే వింతేముంది?

(తెర మీద: పటం. చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి మీద మూడు చుక్కలు, ఒక్కొక్క తేదీతో.)

ఆగస్టు 22న చింతపల్లి. దాదాపు మూడు వందల మంది వచ్చారు. స్టేషన్లో ఉన్న పోలీసులను ఒక్కరినీ ఏమీ చేయలేదు. 23న కృష్ణదేవిపేటలో 7 తుపాకులు. 24న రాజవొమ్మంగి. అక్కడి పోలీసులు కాస్త ఎదురు తిరిగారు. అయినా ఆగలేదు, 8 తుపాకులు తీసుకున్నారు, అక్కడ బందీగా ఉన్న తిరుగుబాటుదారు వీరయ్య దొరను విడిపించుకున్నారు. మూడు రోజులు, మూడు ఠాణాలు, మొత్తం 26 తుపాకులు.

ఇప్పుడు ఆ రిజిస్టరు దగ్గరకు వద్దాం.

మా మేనమామ ఒక చిన్న ఊళ్లో స్టేషన్ రైటర్‌గా చేశారు. స్టేషన్లో తుపాకీ కంటే పుస్తకం బరువురా అనేవారు. డ్యూటీ మారేటప్పుడు దిగే సెంట్రీ, ఎక్కే సెంట్రీ ఇద్దరూ కలిసి ఆయుధాలు లెక్కపెట్టాలి. తూటాలు ఒక్కొక్కటీ వేలితో తాకుతూ లెక్కపెట్టాలి. పుస్తకంలో ఎక్కాలి, ఇద్దరూ సంతకం పెట్టాలి. ఒకసారి లెక్కలో ఒక తూటా తక్కువ వచ్చింది. రాత్రి పదింటి దాకా ఎవ్వరూ ఇంటికి వెళ్లలేదు. బీరువా వెనక దొరికేసరికి హెడ్డుగారు నేల మీద కూర్చుండిపోయారట. లెక్క తేలకపోతే ముందు మునిగేది చిన్న ఉద్యోగి.

ఇది విన్నాకే చింతపల్లి సంతకం నాకు వేరేగా కనబడింది. ఆ రోజు డ్యూటీలో ఉన్నవాళ్లు పై అధికారికి ఏమని చెప్పుకోవాలి? సామాను మీరే అమ్ముకున్నారంటే? ఆ పుటలో లెక్క ఉంది, పట్టుకెళ్లినవాడి సంతకం ఉంది. తుపాకులు పోయాయి గానీ ఆ కానిస్టేబుళ్ల మీద దొంగతనం నింద పడే దారి మూసుకుపోయింది. రాజు ఈ ఉద్దేశంతోనే చేశాడని నేను అనను. ఆయన మనసు ఆయనది. కానీ జనాన్ని పీడించిన కాగితాలు చింపి, ఈ లెక్క మాత్రం సరిగ్గా రాసి వెళ్లిన మనిషికి కాగితం విలువ బాగా తెలుసు. అబద్ధపు కాగితానికీ నిజం కాగితానికీ తేడా తెలుసు. దొంగలా వెళ్లడం ఆయనకు ఇష్టం లేదు.

అక్టోబరు 15న అడ్డతీగల చూడండి. ముందే కబురు పెట్టి, పట్టపగలు వెళ్లాడు. పోలీసులు ఆయుధాలు దాచేశారు, చుట్టూ ముళ్లకంచె కట్టారు. దళం వచ్చేసరికి స్టేషన్ ఖాళీ. మూడు గంటలకు పైగా అక్కడే ఉండి, తర్వాత ఆ ఊరి ఆసుపత్రికి వెళ్లి, అక్కడివాళ్లతో మాట్లాడి, అక్కడి పుస్తకంలోనూ సంతకం పెట్టాడు. 1879లో చంద్రయ్య ఠాణా తగలబెట్టిన ఊరు ఇదే. నాలుగు రోజులకు రంపచోడవరం. అక్కడా ఆయుధాలు ముందే తరలించేశారు.

(తెర మీద: ఇరుకు కొండదారి. రెండు వైపులా దట్టమైన చెట్లు.)

అన్నీ ఇలా నెత్తురు లేకుండా జరగలేదు. సెప్టెంబరు 24న దామనపల్లి ఘాట్‌లో పోలీసు అధికారులు స్కాట్ కవర్డ్, హైటర్ చనిపోయారు. ముందు నడుస్తున్న మన కానిస్టేబుళ్లను పోనిచ్చి, వెనక వస్తున్న దొరల మీద కాల్చారు. ఆ తర్వాత మన్యంలో ఊరి ఠాణా పోలీసుతో పని కాదని సర్కారు నిశ్చయించుకుంది. మలబారు స్పెషల్ పోలీసును దించారు, ఆ తర్వాత అస్సాం రైఫిల్స్. డిసెంబరులో దళానికి గట్టి దెబ్బలు తగిలాయి. 1924 మే 7న కొయ్యూరులో రాజును కాల్చి చంపారు. కాల్పులు జరిపించింది అస్సాం రైఫిల్స్ అధికారి గుడాల్. విచారణ లేదు, కోర్టు లేదు. ఇంత లెక్కగా సంతకం పెట్టిన మనిషికి ఒక్క చార్జిషీటు కాగితమైనా రాయలేదు. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే.

శవాన్ని కృష్ణదేవిపేటకు తెచ్చారు. రెండో రోజు దాడి జరిగిన ఊరు అది. అక్కడే దహనం చేశారు. సమాధి ఇప్పటికీ అక్కడే ఉంది.

(తెర మీద: ఇప్పటి మన్యం. పొగమంచు, కాఫీ తోటలు, ఇసుక బస్తాల వెనక ఒక స్టేషన్ గేటు.)

స్వాతంత్ర్యం తర్వాత ఈ ఠాణాల మీద జెండా మారింది. నక్సల్ ఉద్యమం వచ్చాక గోడలు ఎత్తు పెరిగాయి, ఇసుక బస్తాలు, కాపలా మంచెలు వచ్చాయి. ఈమధ్య గంజాయి పెద్ద సమస్య. 2021లో ఆపరేషన్ పరివర్తన పేరుతో వేల ఎకరాల్లో గంజాయి తోటలు కొట్టేశారు.

ఒక్క రోజు మాత్రం ఆగి చూడాలి. 2018 సెప్టెంబరు 23. అరకు ఎమ్మెల్యే కిడారి సర్వేశ్వరరావును, మాజీ ఎమ్మెల్యే సివేరి సోమను మావోయిస్టులు కాల్చి చంపారు. కోపంతో జనం డుంబ్రిగుడ ఠాణా మీద పడి నిప్పు పెట్టారు. అరకు ఠాణా మీదా దాడి జరిగింది. 1879లో అడ్డతీగల ఠాణాను తగలబెట్టినవాళ్లు మా జోలికి రావద్దు అన్నారు. 2018లో తగలబెట్టినవాళ్లు మమ్మల్ని ఎందుకు కాపాడలేదు అని అడిగారు. నిప్పు అదే, అడిగింది వేరు.

2022లో చింతపల్లి దాడికి నూరేళ్లు నిండాయి. ఆ ఏడాది ఏప్రిల్‌లో పాడేరు కేంద్రంగా ఏర్పడిన జిల్లాకు అల్లూరి సీతారామరాజు పేరే పెట్టారు. చింతపల్లి ఆ జిల్లాలోనే ఉంది. పాండ్రంగిలో ఆయన పుట్టిన ఇంటితో పాటు చింతపల్లి పాత ఠాణాను కూడా బాగుచేసి నిలబెడతామని అప్పుడే కేంద్రం ప్రకటించింది.

వెళ్లాలనుకునేవాళ్లకు ఒక మాట. చలికాలంలో లంబసింగి మంచు చూడటానికి నర్సీపట్నం మీదుగా వేలమంది వెళ్తారు. తెల్లవారుజామున ఫోటోలు తీసుకుని వెనక్కి తిరుగుతారు. మీరు తిరగకండి. అదే రోడ్డు ఇంకాస్త ముందుకు వెళ్తే చింతపల్లి. ఆ ఘాట్ ఎక్కేటప్పుడు బండి అద్దం దించండి. దెబ్బలు తిని, అరకూలికి రాళ్లు కొట్టినవాళ్లు వేసిన దారి ఆ వైపుదే.

(తెర మీద: పాత పుస్తకం పుట మళ్లీ. కలం చప్పుడు ఆగుతుంది.)