దారం వద్దు, రేజర్ ముద్దు

శ్రోతలకు నమస్కారం. ఆషాఢం వచ్చిందంటే మన హైదరాబాద్‌లో చీరల షాపులకే కాదు, అక్కర్లేని వెంట్రుకలు తీసే లేజర్ క్లినిక్‌లకు కూడా ఆఫర్లు మొదలవుతాయి. అమీర్‌పేటలో మెట్రో దిగి రోడ్డు మీదికి వస్తే చాలు, చేతిలో ఒక కాగితం పెడతారు. ఇన్ని సిట్టింగులకు డబ్బు కడితే ఇన్ని ఫ్రీ అని. వచ్చే శ్రావణంలో ముహూర్తాలు. అందుకని చర్మ వైద్యురాలిగా ఈ నెలంతా నాకు ఎదురయ్యేది ఒకటే ప్రశ్న: "మేడమ్, పెళ్లిలోపు అయిపోతుందా?"

అవదు. ముందే చెప్పేస్తున్నాను, అవదు. ఎందుకు అవదో చెప్పడానికి ఒక తల్లీకూతుళ్ల సంగతి చెబుతాను.

దిల్‌సుఖ్‌నగర్ నుంచి వచ్చారు. అమ్మాయి ప్రైవేటు స్కూల్లో టీచరు. కూర్చున్నంతసేపూ చున్నీ అంచు గడ్డం దగ్గరే పట్టుకుని ఉంది. "థ్రెడింగ్ ఎన్నాళ్లకోసారి చేయించుకుంటున్నావమ్మా?" అని అడిగితే తల్లే అందుకున్నారు: "వారం వారం మేడమ్. శనివారం పార్లర్‌కి వెళ్లకపోతే సోమవారం బడికి వెళ్లనంటుంది." చున్నీ తీయమని లైటు వేసి చూశాను. గడ్డం కింద చిన్న చిన్న నల్ల మచ్చలు. రెండు మూడు చోట్ల వెంట్రుక బయటికి రాలేక చర్మం లోపలే మెలితిరిగి, చుట్టూ ఎర్రటి పొక్కు. లాగి లాగి చర్మం అలా అయిపోయింది. "నెలసరి సరిగ్గా వస్తోందా?" అన్నాను. ఈసారి తల్లి కూడా మాట్లాడలేదు.

గడ్డం మీద ముదురు వెంట్రుకలు, మొటిమలు, తప్పుతున్న నెలసరి, ఇవి కలిసి కనిపిస్తే పీసీఓఎస్, అంటే ఆడవాళ్లలో హార్మోన్ల తేడాతో వచ్చే సమస్య, ఉందేమో చూడాలి. రక్త పరీక్షలు రాశాను. హార్మోన్ సంగతి పట్టించుకోకుండా ఎంత లేజర్ చేసినా కొత్త వెంట్రుకలు వస్తూనే ఉంటాయి. ఆ తర్వాత అసలు మాట చెప్పాను. "ఇవాళ్టి నుంచి థ్రెడింగ్ బంద్. అవసరమైనప్పుడు రేజర్‌తో తీసేసుకో."

తల్లి కుర్చీలోంచి లేచినంత పని చేశారు. "అయ్యో, ఆడపిల్ల గడ్డం గీసుకోవడమేంటి మేడమ్! అత్తగారింట్లో తెలిస్తే ఇంకేమైనా ఉందా? అయినా గీసినకొద్దీ మందంగా వస్తుందంటారుగా!"

అందరూ అనేదే. కానీ అది నిజం కాదు. వెంట్రుక కొస సహజంగా సన్నగా ఉంటుంది. బ్లేడు దాన్ని మధ్యలో కోస్తుంది కాబట్టి కొస మొద్దుగా మారి, చేతికి గరుగ్గా తగులుతుంది. అంతే. వెంట్రుక మందాన్ని నిర్ణయించేది లోపలున్న కుదురు, ఒంట్లోని హార్మోన్లు. బ్లేడు అక్కడిదాకా వెళ్లనే వెళ్లదు.

థ్రెడింగ్ దారం పని మాత్రం అక్కడిదాకా వెళ్తుంది. వెంట్రుకను కుదురులోంచి లాగేస్తుంది. లేజర్‌కు చిక్కు వచ్చేది అక్కడే. మే నెల మధ్యాహ్నం కోఠిలో బండి ఎండలో పెట్టి వచ్చి చూడండి, నల్ల సీటు మీద కూర్చోలేం, పక్కనే ఉన్న బండి తెల్ల సీటు అంత కాలదు. లేజర్ చేసేదీ ఇదే. దాని వెలుగు నలుపును, అంటే మెలనిన్ అనే రంగును వెతుక్కుంటుంది. వెంట్రుకలోని నలుపు ఆ వెలుగును పీల్చుకుని వేడెక్కితే, ఆ వేడికి కుదురు దెబ్బతింటుంది. చుట్టూ ఉన్నదాన్ని వదిలేసి కావలసినదాన్నే వేడెక్కించవచ్చని 1983లో అమెరికాలో ఆండర్సన్, పారిష్ అనే ఇద్దరు వైద్యులు వివరించారు. ఇప్పుడు వెంట్రుకలు తీసే లేజర్లన్నీ ఆ దారిలో వచ్చినవే. మరి థ్రెడింగ్ చేయించుకుని వస్తే? లోపల వెంట్రుకే లేదు. వెలుగు దేన్ని పట్టుకోవాలి? డబ్బులు దండగ.

అందుకే లేజర్‌కు ముందు నాలుగు నుంచి ఆరు వారాలు థ్రెడింగ్ వద్దు, వ్యాక్సింగ్ వద్దు, ప్లక్కర్ వద్దు. షేవింగ్ మాత్రం చేసుకోవచ్చు. చేసుకోవచ్చు కాదు, ముందు రోజు చేసుకోవాలి. పైకి కనిపించే వెంట్రుక అలాగే ఉంటే అది కాలి పైచర్మం కమిలిపోతుంది.

ఇంకో సంగతి ఉంది. మన చర్మంలోనూ అదే నలుపు ఉంది. తెల్లవాళ్ల చర్మానికి సరిపోయిన సెట్టింగులు మనకు పెడితే వెంట్రుకతో పాటు చర్మమూ కాలుతుంది, నెలల తరబడి పోని మచ్చ మిగులుతుంది. చామనఛాయకు, నల్లటి ఒంటికి 1064 నానోమీటర్ల తరంగదైర్ఘ్యంతో వెలుగునిచ్చే యాగ్ అనే రకం లేజర్ ఎక్కువ భద్రం. అది పైచర్మంలోని నలుపును అంతగా పట్టించుకోకుండా లోపలికి దిగుతుంది. మీరు వెళ్లిన చోట "ఏ లేజర్? నా రంగుకు ఎందుకు?" అని అడగండి. చెవి కింద చిన్న చోట వేసి చూసి, కొన్ని రోజులు ఆగమనండి. అలా ఆగనివ్వని ప్యాకేజీ ఎంత చవకైనా నాకు నచ్చదు.

పెళ్లిలోపు ఎందుకు అవదో కూడా చెప్పాలి కదా. వెంట్రుకలన్నీ ఒకేసారి పెరగవు. కొన్ని పెరుగుతుంటాయి, కొన్ని విశ్రాంతిలో ఉంటాయి. లేజర్ బాగా పనిచేసేది పెరుగుతున్నవాటి మీదే. మిగతావాటి కోసం నాలుగు నుంచి ఆరు వారాల తేడాతో మళ్లీ మళ్లీ రావాలి. మామూలుగా ఆరు సిట్టింగులైనా పడుతుంది. పీసీఓఎస్ ఉంటే ఆ తర్వాత కూడా అప్పుడప్పుడూ రావాల్సిందే.

ఆ అమ్మాయి రేజర్‌తోనే పెళ్లి పీటలు ఎక్కింది. ఎవరికీ తెలియలేదు, ఎవరూ నవ్వలేదు. లేజర్ పెళ్లయ్యాక మొదలుపెట్టాం. ఎండలోకి వెళ్తే ఎస్‌పీఎఫ్ 30కి తగ్గని సన్‌స్క్రీన్, బ్లీచ్ బంద్, నిమ్మరసం బంద్. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న తెల్లబడే క్రీము ట్యూబ్ బ్యాగులోంచి తీసి చూపించింది. అందులో స్టెరాయిడ్ ఉంది. ముఖానికి రోజూ రాస్తే చర్మం పల్చబడుతుంది, పైగా వెంట్రుకలు పెరుగుతాయి. ఒక చేత్తో తీయించుకుంటూ ఇంకో చేత్తో పెంచుకుంటోందన్నమాట!

రెండో సిట్టింగు రోజు కూతురు లోపల ఉండగా తల్లి నా టేబుల్ దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి, "మేడమ్, నాకూ గడ్డం మీద నాలుగున్నాయి, ఆ లేజరేదో నాకూ..." అన్నారు. చూశాను. నాలుగూ తెల్లవే. తెల్ల వెంట్రుకలో నలుపు లేదు కాబట్టి లేజర్ దాన్ని పట్టుకోలేదు. కావాలంటే ఒక్కొక్కదాన్నీ సూదితో కరెంటు పెట్టి తీసే ఎలక్ట్రాలిసిస్ ఉంది. నాలుగింటికి అంత శ్రమ ఎందుకు?

"మీకు దారమే మంచిదమ్మా" అన్నాను.