ఏ ఊరు నాయనా మీది?

వేదిక మీది పెద్దలకు, హోటళ్లలోనూ రిసార్టుల్లోనూ లాంచీల మీదా పనిచేస్తూ ఇవాళ్టికి సెలవు అడిగి మహబూబ్‌నగర్ దాకా వచ్చిన మీ అందరికీ నమస్కారం.

ముప్పై ఏళ్లకు పైగా చరిత్ర పాఠాలు చెప్పాను. పిల్లల్ని బస్సెక్కించుకుని అలంపురం, పానగల్లు, నాగార్జునసాగర్ తిప్పాను. ఉద్యోగ విరమణ తరువాత, గైడ్లుగా చేరదలచిన యువతకు ఈ ప్రాంతం గురించి చెబుతున్నాను. ఇవాళ మాత్రం చరిత్ర చెప్పను. మీరు రోజుకు పదిసార్లు వినే ఒక ప్రశ్న గురించి మాట్లాడతాను. "ఏ ఊరు మీది?"

మనకు అది పలకరింపు. రైల్లో ఎదురుగా కూర్చున్నవారిని అడుగుతాం, పెళ్లి పందిట్లో పక్క విస్తరి ముందు కూర్చున్నవారిని అడుగుతాం. తప్పేమీ లేదు. అయితే ఊరు చూడడానికి వచ్చిన అతిథి, తనకు అన్నం వడ్డిస్తున్న మనిషిని అదే మాట అడిగినప్పుడు ఆ ప్రశ్న వెనుక ఒక కోరిక ఉంటుంది. "ఇక్కడే" అన్న జవాబు రావాలి. ఆ జవాబు వస్తే భోజనం కూడా ఇక్కడిదే అనిపిస్తుంది, పెట్టిన డబ్బుకు ఊరు దక్కినట్టు ఉంటుంది. రాకపోతే ముఖం మారుతుంది. ఆ మార్పును దగ్గరగా చూసేది మీరే.

రెండేళ్ల కిందట, మే నెలలో, కృష్ణ ఒడ్డున ఒక రిసార్టుకు బంధువులతో వెళ్లాను. మధ్యాహ్నం టీ తెచ్చిన అబ్బాయికి ఇరవై ఏళ్లు ఉంటాయేమో. తెల్ల పంచె, తలకు ఎర్ర రుమాలు, భుజాన మడతపెట్టిన గొంగడి. ఆ ఎండలో గొంగడి. మా వదిన ఆప్యాయంగానే అడిగింది, "ఏ ఊరు నాయనా మీది?" అని. "ఈ ఊరేనమ్మా" అన్నాడు. రెండో ప్రశ్నకే అతనికి అంతకు మించి తెలుగు రాదని తెలిసిపోయింది. మా వదిన నొచ్చుకుంది. అబ్బాయి తల దించుకుని ఖాళీ కప్పులు తీసుకుని వెళ్లిపోయాడు.

సాయంత్రం రేవు దగ్గర ఒంటరిగా కనిపిస్తే, నాకు వచ్చిన కాస్త హిందీలో పలకరించాను. ఒడిశాలోని బలంగీర్ జిల్లా. అమ్మానాన్నలు ఇటుక బట్టీల పనికి తెలంగాణ వచ్చేవారట. పనిలో చేరిన రోజే "ఈ ఊరేనమ్మా" అన్న ఒక్క మాట నేర్పించి, ఎవరు అడిగినా అదే చెప్పమన్నారట. కాసేపటికి భయం తీరి నదిని చూపిస్తూ మాట్లాడాడు. మధ్యాహ్నం మూడు దాటితే గాలి ఎటు తిరుగుతుందో, ఆ గాలిలో పుట్టి, అంటే గుండ్రటి తెప్ప, ఎందుకు ఎక్కకూడదో, నీరు తగ్గినప్పుడు ఏ వైపున రాళ్లు తేలతాయో చెప్పాడు. జాలర్ల పక్కన నిలబడి ఎనిమిది నెలల్లో నేర్చుకున్నవి అవన్నీ. ఆ సంగతుల్లో ఒక్కటి చెప్పి ఉంటే మా వదిన ఊరెళ్లాక పదిమందికి చెప్పుకునేది. దానికి బదులు అతని చేత అబద్ధం చెప్పించారు. అతనికి ఆ అవమానం జరగడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంది.

అమెరికా సమాజశాస్త్రవేత్త డీన్ మెకానెల్ 1973లోనే ఈ సంగతిని పట్టుకున్నాడు. యాత్రికుడికి ముందు వసారా చాలదు, వెనుక వంటిల్లు చూడాలనిపిస్తుంది. అక్కడే అసలు బతుకు ఉంటుందని అతని నమ్మకం. అది గ్రహించినవాళ్లు వసారానే వంటిల్లులా అలంకరించి చూపిస్తారు అన్నాడు. యాభై ఏళ్ల నాటి మాట. మన దగ్గర ఆ అలంకరణ మనుషుల మీదికి వచ్చింది. గోడకు ముగ్గు వేసినట్టు పనివాడికి పంచె కడుతున్నారు.

ఇందులో నాకు కోపం తెప్పించే భాగం వేరే ఉంది. అతిథి "ఇక్కడివాళ్లు కావాలి" అనుకోవడంలో ఒక న్యాయం ఉంది. ఊరి నది, ఊరి గుడి, ఊరి కొండ చూపించి సంపాదించే చోట ఊరివాళ్లకు జీతం దొరకాలి. చాలా చోట్ల ఏం జరుగుతున్నదో మీకు తెలుసు. చుట్టుపక్కల పల్లెలవాళ్లకు తోటపని, గిన్నెలు కడగడం, గేటు దగ్గర కాపలా. రిసెప్షన్‌లో కూర్చునేవారు నగరం నుంచి వస్తారు. వడ్డించేవారు తక్కువ జీతానికి దూరం నుంచి వస్తారు. ఆ దూరంవాడికి ఈ ఊరి వేషం వేస్తే, ఊరివాడికి ఇవ్వాల్సిన ఉద్యోగం ఇచ్చినట్టు కనిపిస్తుంది. ఒక్క గొంగడితో ఇద్దరికీ అన్యాయం. గొంగడి నేసే కురుమల ఇంటి నుంచి ఒక్కరికైనా ఆ రిసార్టులో మంచి పని దొరికిందా అని అక్కడ అడిగాను. సమాధానం రాలేదు.

మరి ఊరివాళ్లకు ఉద్యోగం దొరికినప్పుడు? కొల్లాపూర్ దగ్గరి పల్లె నుంచి వచ్చిన నా విద్యార్థిని ఒకరు నగరంలో పెద్ద హోటల్లో చేరింది. మొదటి ఆరు నెలలు ఆమె యాస మార్చడానికే శిక్షణ ఇచ్చారు. "అలా మాట్లాడితే అతిథులు చిన్నచూపు చూస్తారు" అన్నారు. ఏడాది తిరక్కుండా అదే హోటల్లో తెలంగాణ వంటల పండుగ పెట్టి, ఆమెను జొన్నరొట్టెల దగ్గర నిలబెట్టి, "అచ్చమైన పాలమూరు యాసలో పిలువు" అన్నారు. ఆ రాత్రి ఆమె నాకు ఫోన్ చేసి, "మేడం, మా అమ్మ మాటను మొదట తుడిచేయమన్నారు, ఇప్పుడు అమ్ముతున్నారు" అని ఏడ్చింది. అమ్మ దగ్గర నేర్చుకున్న మాట ఎప్పుడు మాట్లాడాలో ఎప్పుడు మానాలో ఆమె ఇష్టం. అది యూనిఫాంలో భాగం కాదు.

ఇక పోచంపల్లి. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే భూమిలేని పేదల కోసం అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి వంద ఎకరాలు ఇచ్చిన ఊరు. 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఎంపిక చేసిన ఊరు. అక్కడి మగ్గాల ఇళ్లకు వచ్చే సందర్శకులు చిటికి కడుతున్న, అంటే రంగు అద్దేముందు నూలుకు ముడులు కడుతున్న అమ్మను ఫొటో తీసేముందు పక్కనున్న ఫోను తీసేయమంటారు. ఆసు యంత్రం కనిపిస్తే, "చేత్తో పోసేవాళ్లు లేరా?" అని అడుగుతారు.

ఆసు పోయడమంటే ఏమిటో వాళ్లకు తెలియదు. ఒక చీరకు దాదాపు తొమ్మిది వేల సార్లు, ఒక కొస నుంచి అర్ధచంద్రాకారంలో ఉన్న మేకుల దాకా, చేతిని చాస్తూ లాగుతూ దారం పోయాలి. ఆ పని చేసేది ఎక్కువగా ఆడవాళ్లు. ఆలేరు దగ్గర శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం తన తల్లి లక్ష్మి భుజాల నొప్పి చూడలేక, ఏళ్ల తరబడి కష్టపడి యంత్రం తయారు చేశారు. ఆమె పేరు మీదే దానికి లక్ష్మి ఆసు యంత్రం అని పేరు పెట్టారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఈ కథలో కన్నా పోచంపల్లిదనం మరెక్కడ ఉంది? యంత్రాన్ని పక్కకు నెట్టి చేత్తో పోసి చూపించమనడమంటే, ఒక తల్లి భుజం నొప్పిని టికెట్టు పెట్టి చూడడమే.

ఇంకో సంగతి. పోచంపల్లికి ఈ చిటికి పనితనం గత శతాబ్దం తొలి దశాబ్దాల్లో చీరాల వైపు నుంచి వచ్చింది. గద్వాల చీరకు కూడా, సంస్థానం కాలంలో బనారస్ వెళ్లి పని నేర్చుకుని వచ్చిన నేతగాళ్ల కథ చెప్పుకుంటారు. చేతికి వచ్చిన పనిని తరతరాలు చేసి తమది చేసుకున్నారు. మనం గర్వంగా స్థానికం అంటున్న వాటిలో ఇలా దూరం నుంచి నడిచి వచ్చినవి ఎన్నో.

నల్లమలకు వెళ్లండి. అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో, మన్ననూరు నుంచి ఫరహాబాద్ వైపు తీసుకెళ్లే సఫారీల్లో చెంచు యువకులు గైడ్లుగా ఉన్నారు. అది మంచి పని, మనస్ఫూర్తిగా మెచ్చుకుంటాను. జీపులో ఒకసారి అలాంటి యువకుడే నా పక్కన ఉన్నాడు. ఒక పర్యాటకుడు అతని చొక్కా చూసి, "విల్లు ఏది? విల్లు పట్టుకుని ఒక ఫొటో దిగు" అన్నాడు. యువకుడు జవాబివ్వకుండా చెయ్యెత్తి అందరినీ నిశ్శబ్దంగా ఉండమన్నాడు. దూరాన దుప్పి అరిచింది. ఆ వెంటనే చెట్టు మీద కొండముచ్చు. "కింద వాగులో పులి కదులుతోంది, రెండు అరుపులూ ఒకే వైపు తిరిగి వచ్చాయి" అన్నాడు మెల్లగా. పులి కనిపించలేదు. అయినా ఆ పది నిమిషాలు జీపులో ఎవరూ ఊపిరి గట్టిగా తీసుకోలేదు. అడవి తెలిసిన మనిషి పక్కన కూర్చున్నాడని అందరికీ అర్థమైంది. చొక్కా గురించి మళ్లీ ఎవరూ మాట్లాడలేదు.

అతిథిగా వచ్చినవారికి దేని మీద హక్కు ఉందని నన్ను అడిగితే ఇదే చూపిస్తాను. ఊరు తెలిసిన మనిషి తోడు దొరకాలి. ఆ మనిషి ఎక్కడ పుట్టాడో, ఏం కట్టుకున్నాడో అతిథి హక్కు కిందికి రాదు. చెంచు యువకుడికి ఆ ఎరుక పుట్టుకతో పాటు వచ్చింది. బలంగీర్ అబ్బాయికి ఎనిమిది నెలల్లో కొంత వచ్చింది. రెండూ ఎరుకే.

ఈ మాట పాలమూరులో నిలబడి అంటున్నాను. దేశంలో ఎన్ని ఆనకట్టలకు, ఎన్ని కాలువలకు మన పాలమూరు కూలీలు మట్టి మోశారో ఈ హాల్లో చెప్పనక్కరలేదు. ముంబై బస్సు ఎక్కిన తండ్రులు, పిల్లల్ని నానమ్మల దగ్గర వదిలి వెళ్లిన తల్లులు మీ ఇళ్లలోనే ఉన్నారు. అక్కడ వాళ్లను "ఏ ఊరు?" అని అడిగినప్పుడు ఏ గొంతుతో అడిగారో వాళ్లను అడిగి తెలుసుకోండి. వలస పోయినవారి బిడ్డలుగా మనం, వలస వచ్చినవారిని అదే గొంతుతో అడగలేం.

హోటళ్ల యజమానులు కొందరు ఇక్కడ ఉన్నారు. మీకు నా విన్నపం చిన్నది. కొత్తగా చేరినవారికి మొదటి వారం ట్రే పట్టుకోవడం నేర్పకండి. గుడికి, రేవుకు, సంతకు పంపండి. ముసలి పుట్టివాడి పక్కన ఒక పూట కూర్చోబెట్టండి. ఆ తరువాత ట్రే ఎలాగూ వస్తుంది. ఎవరు ఎక్కడివారో దాచమని చెప్పకండి. చుట్టుపక్కల పల్లెల పిల్లలకు గేటు దగ్గరే కాక లోపల కూడా కుర్చీ వేయండి. అతిథులుగా వెళ్లే మనం కూడా ప్రశ్న మార్చవచ్చు. "ఈ ఊళ్లో నీకు నచ్చింది ఏమిటి?" అని అడిగి చూడండి. నేను ఇప్పుడు అదే అడుగుతున్నాను. ఎన్ని జవాబులు వస్తాయో!

రేపటి ప్రయాణం గురించి చెప్పి ముగిస్తాను. ఉదయం ఆరున్నరకు బస్సు. అలంపురంలో నవబ్రహ్మ ఆలయాలకన్నా ముందు కూడలి సంగమేశ్వర ఆలయం దగ్గర ఆగుతాం. ఆ గుడి అలంపురంలో పుట్టింది కాదు. తుంగభద్ర కృష్ణలో కలిసే కూడవెల్లిలో ఉండేది. శ్రీశైలం జలాశయంలో మునిగిపోతుందని రాయి రాయీ విప్పి, ఇక్కడికి తెచ్చి తిరిగి నిలబెట్టారు. జనం దీపాలు పెడుతున్నారు, మొక్కుతున్నారు. రేపు అక్కడ ఆ కథ చెప్పేది నేను కాదు. మూడో వరుసలో కూర్చున్న జార్ఖండ్ అబ్బాయి చెబుతాడు, తెలుగులోనే. నెల రోజులుగా సాధన చేస్తున్నాడు. ఎక్కడైనా మాట తట్టకపోతే అందించడానికి పక్కన కొల్లాపూర్ అమ్మాయి ఉంటుంది. టిఫిన్ బస్సులోనే, నీళ్ల సీసా మాత్రం ఎవరిది వారు తెచ్చుకోండి.